జీన్సూ, కొవ్వూ, ఒక ఇంటిపేరూ

ఆ ఉదయం అనుకున్నదల్లా పాపకు టీకా వేయించడమే. కోడలు తెల్లారకముందే లేచి పాపకు గౌను తొడిగింది. ఒళ్లు వెచ్చగా ఉందేమోనని నుదురు తడిమింది, మళ్లీ తడిమింది. శాస్త్రవేత్త అయిన భర్తను పిలుద్దామని బాల్కనీ దాకా వెళ్లింది. ఆయన అటు తిరిగి తోటి శాస్త్రవేత్తతో ఫోనులో మాట్లాడుతున్నారు.

"ఇన్నాళ్లూ పొరపాటున ఈ కుటుంబంలో ఉంచాం. జీన్స్ చూశాక నాకిక అనుమానం లేదు."

ఆమె తలుపు చాటునే ఆగిపోయింది. పాప కడుపున పడకముందు కొని, సిగ్గేసి బీరువా అడుగున దాచిన జీన్స్ ప్యాంటు ఆయన కంట ఎప్పుడు పడింది?

"ఆ కొవ్వు సంగతి చూశావుగా! ఈ కుటుంబంలో ఎవరికుంది అలాంటి కొవ్వు? బయటికి పంపేద్దాం. ఇంటిపేరు కూడా మార్చేద్దాం."

పదో తరగతితో చదువు ఆగిన తనను ఈ ఇంట్లో ఏదో ఒకరోజు వద్దంటారని ఆమెకు మొదటినుంచీ లోలోపల బెంగే. పాపను చంకనేసుకుని వంటింట్లోకి పరిగెత్తి అంతా చెప్పింది.

"నీకు కొవ్వా? నోట్లో వేలు పెట్టినా కొరకవు కదే! ఉండు, నేను కడిగేస్తా," అని అత్తగారు కొంగు బిగించి వెళ్లింది. వెళ్లినంత వేగంగానూ వెనక్కొచ్చింది.

"అమ్మాయ్, వాడు అనేది నిన్ను కాదే, నన్ను! 'ఉప్పు లేకపోతే ఒక్కపూట బతకదు' అంటున్నాడు."

డాక్టరు ఉప్పు మానమన్నాక ఆవిడ బియ్యం డబ్బా వెనక ఉప్పు డబ్బా దాచుకుంది.

"కన్నతల్లికే ఇంటిపేరు మారుస్తాడట! మీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. బండి తెమ్మను. ఇద్దరం పోదాం."

కోడలి ఏడుపులో అన్నయ్యకు 'బండి', 'వెళ్లిపోతున్నాం' అన్నవే వినిపించాయి. ఇల్లు మారుతున్నారు కాబోలనుకుని ఇద్దరు మనుషులతో సామాన్ల వ్యాను తెచ్చాడు. శాస్త్రవేత్తగారు తీరిగ్గా ఫోను పెట్టేసి హాల్లోకి వచ్చి, అలవాటుగా కూర్చోబోయి నేలమీద పడ్డారు. సోఫా అప్పటికే మెట్లు దిగుతోంది.

"బావా, మా చెల్లాయికి కొవ్వన్నావట?" అప్పటికి సంగతి తెలిసిన అన్నయ్య గుమ్మంలోనే నిలదీశాడు.

"నేనా? బాక్టీరియా గురించి బావా! సముద్రంలో దొరికింది. జీన్స్ అంటే జన్యువులు. దాని ఒంట్లో కొవ్వు కూడా పరీక్షించాం. రెండూ చూస్తే అది వేరే కుటుంబమని తేలింది. పేరులో మొదటి సగం మార్చాలి. దాన్నే మేం సరదాగా ఇంటిపేరంటాం."

"మరి ఉప్పో?" అంది అత్తగారు.

"సముద్రంలో పుట్టింది కదమ్మా, ఉప్పు లేకపోతే ఎలా బతుకుతుంది?"

 ఆయన నేలమీంచి లేస్తూ తల్లినీ భార్యనూ మార్చి మార్చి చూశారు.

"అది సరే. మీరిద్దరూ మీ గురించే అని ఎందుకనుకున్నారు? ఏం ఉప్పు? ఏ జీన్స్?"

అత్తగారు చటుక్కున పాపను అందుకుంది. "టీకాకి టైమైపోతోంది, పదండి పదండి! ఎలాగూ బండి ఉంది."

కోడలు మాత్రం కదల్లేదు. బీరువా తీసి ప్యాంటు చూపించింది. "పదోతరగతిదానికి ఇదొకటా అంటారని దాచానండీ," అంది.

"పిచ్చిదానా, నిన్ను ఈ కుటుంబంలోంచి తీసే పరీక్ష ఎక్కడా లేదు. అదే వేసుకుని రా, వెళ్దాం," అన్నారాయన.

ఆమె కళ్లు తుడుచుకుని గదిలోకి వెళ్లింది. చాలాసేపు ఊపిరి బిగబట్టింది. బొత్తాం పట్టలేదు.

కొవ్వు విషయంలో మాత్రం శాస్త్రం తప్పలేదు.