కదలొద్దన్న దోశ బండి

శనివారం పొద్దున్న చక్రపాణి వేసుకున్న ప్లానులో వంక పెట్టడానికేమీ లేదు. ఏడుంబావుకి జితేందర్ గ్యారేజీ ముందున్న దోశ బండి తీయాలి, ఎనిమిదిన్నరకు పార్కుకు చేర్చాలి, పదింటికి మొదటి దోశ పెనం మీద పడాలి. అమెరికాలో, మోరిస్‌విల్‌లోని ఓ పెద్ద కంపెనీ వాళ్ల పిక్నిక్ అది. తినేవాళ్లు రెండు వందల మంది. రుచి నచ్చితే ప్రతి శుక్రవారం తమ ఆఫీసు ఆవరణలోనే బండి పెట్టుకోనిస్తానని అక్కడి మేనేజరు డెబ్రా మాటిచ్చింది. ఆ అవకాశం కోసం చక్రపాణి భార్య నళిని ఏడాదిగా ఎదురుచూస్తోంది. గ్రీన్‌కార్డు వచ్చాక ఆమె ముచ్చటపడి కొనుక్కున్న దోశల ట్రక్కు అది. చక్రపాణి వారమంతా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతాడు, శనాదివారాలు దాన్ని నడుపుతాడు.

ప్లానుకు ఉన్న ఒకే ఒక్క అడ్డంకి మెకానిక్ జితేందర్. కరీంనగర్‌లో లారీల షెడ్డులో చెయ్యి తిరిగినవాడు. ఏ నట్టునీ ఒక్కసారి బిగించి ఊరుకోడు. శుక్రవారం సాయంత్రం చక్రపాణి ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ చేశాడు.

"అన్నా, ముందు ఎడమ చక్రానికి ఎనిమిది బోల్టుల్ల రెండు పగిలినయ్. కొత్తయి సోమవారం వస్తయ్. అప్పటిదాంక బండి కదలొద్దు."

"ఏవయ్యా, ఆయిలు మార్చమని ఇస్తే బండికి జాతకం రాస్తావేంటి? ఆరు బాగానే ఉన్నాయిగా?"

"అట్ల కాదన్నా, మిగిలిన ఆరిటికి నేను నట్లు..."

"మీటింగ్‌లో ఉన్నా, తర్వాత మాట్లాడదాం," అని చక్రపాణి ఫోన్ పెట్టేశాడు. ఎనిమిదింట్లో ఆరు బాగుంటే ఆయన ఆఫీసులో అది పాసు మార్కే. అలాంటి రిపోర్టుల్లో ఎర్రగా ఉన్న గడులను పచ్చగా మార్చి పైవాళ్లకు పంపడంలో ఆయనకు పదిహేనేళ్ల అనుభవం ఉంది. అందుకే రాత్రి భోజనాల దగ్గర "జితేందర్ ఏమన్నాడు?" అని నళిని అడిగితే, "అంతా రెడీ అన్నాడు," అన్నాడు.

పొద్దున్న నళిని పిండి బకెట్లు కారులో పెట్టుకుని నేరుగా పార్కుకు వెళ్లింది. చక్రపాణి గ్యారేజీకి వెళ్లి, చక్రాల కిందున్న చెక్క దిమ్మలు కాలితో తన్నేసి, తన దగ్గరున్న రెండో తాళంతో బండి తీశాడు. స్టీరింగుకు ఎర్ర అట్టముక్క ఒకటి వేలాడుతోంది. బిల్లు కాబోలనుకుని చదవకుండానే సొరుగులో పడేశాడు.

పది నిమిషాల తర్వాత వచ్చిన జితేందర్‌కు దిమ్మలు కనిపించాయి గానీ బండి కనిపించలేదు. నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ అతని పేరు చూసి, 'మళ్లీ క్లాసు పీకుతాడు' అనుకుని చక్రపాణి ఎత్తలేదు. జితేందర్ పోలీసుల నంబరు తొమ్మిది ఒకటి ఒకటికి కొట్టాడు. కంగారులో ఉన్న కాస్త ఇంగ్లీషూ తడబడింది. "ట్రక్ గాన్ మేడమ్! వితౌట్ టెల్లింగ్! వీల్ ఆల్సో విల్ గో! ప్లీజ్ స్టాప్!" అవతలామెకు మొదటి రెండు ముక్కలే అర్థమయ్యాయి. బండి దొంగతనమని రాసుకుంది.

హైవే ఎక్కిన కాసేపటికి స్టీరింగ్ వణకసాగింది. రోడ్డు బాగాలేదనుకున్నాడు చక్రపాణి. వెనక రెండు పోలీసు కార్లు లైట్లు తిప్పుతూ వస్తుంటే, పాపం ఎక్కడికో తొందరగా పోతున్నారని మర్యాదగా దారిచ్చాడు. వాళ్లు తన వెనకే ఉండిపోయాక గానీ ఆ తొందర తన కోసమేనని తెలియలేదు. పక్కకు తీసి ఆపాడు.

"ఈ బండి ఎవరిది?" అన్నాడు ఆఫీసర్.

"మా ఆవిడది."

రిజిస్ట్రేషన్‌లో నళిని ఇంటిపేరు వేరుగా ఉంది, పుట్టింటిది. ఆఫీసర్ ఆమెకు ఫోన్ చేశాడు. "మీ భర్తనంటున్న ఒకతన్ని ఆపాం," అన్నాడు.

పోయిన వారమే ఎవరో పక్కింటి రాజేశ్వరమ్మగారికి ఇలాగే ఫోన్ చేసి, మనవడు జైల్లో ఉన్నాడంటూ గిఫ్టు కార్డులు కొనిపించారు. నళినికి ఒళ్లు మండింది. "నాకు భర్తే లేడు, బండీ లేదు. ఇంకోసారి చేశావంటే పోలీసులకు చెప్తా!" అని పెట్టేసింది.

ఆఫీసర్ చక్రపాణి వంక చూసిన చూపు మారింది. "నన్ను మాట్లాడనివ్వండి సార్," అని బతిమాలి చక్రపాణి ఆ ఫోన్లోనే మళ్లీ చేశాడు. "నళినీ, నేనే! పోలీసులు పట్టుకున్నారు. ప్లీజ్, నేను నీ మొగుణ్ణని చెప్పు!"

"అమ్మో, గొంతు కూడా అచ్చు దింపేశారే!" అంది నళిని. "కానీ మా ఆయన నాకెప్పుడూ ప్లీజ్ చెప్పడు."

ఫోన్ కట్టయింది. ఆఫీసర్ చేతులు వెనక్కి పెట్టమన్నాడు.

సరిగ్గా అప్పుడే జితేందర్ పార్కు దారిలో వెతుక్కుంటూ తన పికప్‌ ట్రక్కులో వచ్చి, దిగీ దిగగానే చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇతన్ని తెలుసా? ఈ బండి ఇతనిదేనా?" అని ఆఫీసర్ అడిగాడు.

"బండి వీళ్లదే సార్. దొంగతనం కాదు, తొందర," అన్నాడు జితేందర్.

సంకెళ్లు తప్పేసరికి చక్రపాణికి ధైర్యం వచ్చింది. "చూశావా, ఆరు మైళ్లు వచ్చింది! ఏమైంది? నీ చాదస్తం వల్ల..."

జితేందర్ రెండు వేళ్లతో ఓ నట్టు తిప్పాడు. సీసా మూతలా ఊడి చేతిలోకొచ్చింది. "ఇవి బిగించినయ్ కాదన్నా. చక్రం పడిపోకుండ చేత్తో పెట్టిన. నిన్న ఆరు ఉండె. ఇప్పుడు మూడు." ఆ నట్టును చక్రపాణి అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది.

ముందున్నది దిగుడు రోడ్డు. పక్క లైనులో పిల్లల సాకర్ టీము బస్సు ఒకటి వెళ్తోంది, కిటికీలోంచి ఎవరో పాప చెయ్యి ఊపుతోంది. బండి వెనక రెండు గ్యాస్ సిలిండర్లు. చక్రపాణి రోడ్డు పక్క గడ్డిలో చతికిలబడ్డాడు.

"ముందే చెప్పొచ్చుగా జితేందర్," అనబోయి, 'చెప్పనిచ్చానా' అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు.

ఆ రోజు పిక్నిక్‌లో రెండు వందల మంది పిజ్జాలు తిన్నారు. నళిని భర్తతో మాట్లాడలేదు. అతని గొంతు నిజమైనదేనని తేలాక అసలే మాట్లాడలేదు.

సోమవారం డెబ్రా సంజాయిషీ అడిగింది. చక్రపాణి రాత్రంతా కూర్చుని తయారుచేసిన ఇరవై స్లైడ్లు విప్పబోయాడు. ఆమె వాటిని చూడలేదు. నళిని తీసుకొచ్చిన జితేందర్ నోటుబుక్కు చూసింది. ప్రతి నెలా ఏది విప్పాడో, ఏది బిగించాడో, తేదీ, ఫొటో, సంతకం. చివరి పేజీలో ఎర్ర సిరాతో 'కదలొద్దు' అని ఇంగ్లీషులో ఉంది.

"బండి బాగాలేదని ఈ మెకానిక్ యజమాని మీదే పోలీసులకు ఫోన్ చేశాడా?" అంది డెబ్రా, నళిని జరిగింది చెప్పగానే. "నా పదేళ్ల సర్వీసులో ఇంత గట్టి సేఫ్టీ పద్ధతి చూడలేదు. ఈ శుక్రవారమే మొదలుపెట్టండి. బండి కదిలే ముందు ఒకరు తనిఖీ చేసి సంతకం పెట్టాలి. ఎవరు పెడతారు?"

చక్రపాణి చెయ్యెత్తాడు. నళిని ఆ చేతిని కిందికి దించి, జితేందర్ పేరు రాసింది.

ఇప్పుడు బండిని తనిఖీ చేసేది జితేందర్, నడిపేది నళిని. చక్రపాణికి ఉల్లిపాయలు తరిగే బాధ్యత అప్పగించారు. కత్తి పిడి వదులైందేమో మాత్రం జితేందరే చూసి ఇస్తాడు.