కొల్లేటి దిబ్బ మీద రామకోటి కేక

కొల్లేటిలో ఒకే ఒక్క కేకతో రెండు లంకల్ని గడగడలాడించిన మగాడెవరయ్యా అంటే, ఏలూరు రామకోటి అని చెప్పాలి. ఆ కేకకి గూడబాతులు మందలు మందలుగా పైకి లేచి, కాసేపు ఎండ కనబడలేదు. నీళ్ళలో ఉన్న కొర్రమీను ఒకటి ఉలిక్కిపడి తనంత తానే దోనెలోకి వచ్చి పడింది. అవతల ఏదో స్టేషన్లో గార్డు, అది రైలు కూతే అనుకుని పచ్చజెండా ఊపేశాడు. అలాంటి కేక అది.

ఆ రామకోటి ఇంట్లో ఎలా ఉండేవాడో కూడా చెప్పాలి కదా. భోజనం చేస్తూ మజ్జిగ కావాలని నోరు తెరిచి అడగలేక, ఖాళీ గ్లాసు వైపు దీనంగా చూస్తూ కూర్చునేవాడు. భార్య సావిత్రి చూస్తే సరి. చూడకపోతే పొడి అన్నమే మింగి చెయ్యి కడుక్కునేవాడు. వడ్ల మిల్లులో గుమాస్తా ఉద్యోగం. యజమాని అవతల గదిలో తుమ్మితే ఇవతల ఈయన చేతిలో కలం కింద పడేది. రాత్రిళ్ళు నిద్ర లేదు, చేతులు వణుకు. డాక్టరు నాలుక చూసి, నాడి చూసి, చివరికి మనిషిని చూసి, "మందులేం వద్దండీ. ఆదివారం ఆదివారం ఎక్కడికైనా వెళ్ళి నాలుగు గోతులు తవ్వండి" అన్నాడు.

అవి దేశమంతా వనమహోత్సవాలు జరుగుతున్న రోజులు. ఏలూరులో డ్రిల్లు మాస్టరు సుబ్బరాజుగారు ఒక శ్రమదాన దళం పెట్టి, ఆదివారం పొద్దున్నే జనాన్ని పడవెక్కించి, కొల్లేటిలో పైలంక, కిందిలంక అనే రెండు ఊళ్ళ మధ్యనున్న ఒక ఎత్తయిన దిబ్బ మీదికి తీసుకెళ్ళేవాడు. రామకోటి అక్కడ గోతులు తవ్వడం నేర్చుకున్నాడు. పలుగు పట్టడం నేర్చుకున్నాడు. మొదటి ఆదివారం రాత్రి ఆయన గురక విని సావిత్రి భయపడి దీపం వెలిగించి చూసిందట. అన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ చప్పుడు వినడం అదే మొదలు.

ఆ దిబ్బకే ముప్పు వచ్చి పడింది. ఇటికల బట్టీవాళ్ళు మట్టి కోసం అడుగుతున్నారు. దిబ్బ సర్కారుది. దాని వ్యవహారం చూసే ఆఫీసరుగారు దళం దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం సాయంత్రానికి ఇక్కడ మొక్కలు నిలబడి ఉంటే దిబ్బ తోటకి. లేకపోతే బట్టీకి. నాటగలరా?" అని అడిగాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, "నాటేస్తామండీ" అని ఒక గొంతు వినిపించింది. ఎవరా అని అందరితోపాటు రామకోటి కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆ గొంతు తనదే.

ఆ ఆదివారం రానే వచ్చింది. పొద్దున్నే సుబ్బరాజుగారి దగ్గర నుంచి కబురు. వెళ్ళి చూస్తే ఆయన కాలు దిండు మీద ఉంది. ముందురోజు పలుగు ఎలా వెయ్యకూడదో చూపిస్తూ అలాగే వేసుకున్నాడట.

"రామకోటీ, ఇవాళ నాయకుడివి నువ్వే."

"నేనాండీ?"

"నువ్వు చెయ్యాల్సిందేం లేదయ్యా. పొద్దున గుంజలు పాతించు. మధ్యాహ్నానికి మొక్కల పడవ వస్తుంది. గుంజకో మొక్క నాటించు. సాయంత్రం ఆఫీసరుగారు వస్తే నమస్కారం పెట్టు. అంతే!"

"ఆయన ఏదైనా అడిగితేనండీ?"

"మళ్ళీ నమస్కారం పెట్టు."

దళంలో ఇమాం సాహెబ్ అని ఒక పెద్దాయన ఉండేవాడు. తివాచీలు నేసేవాడు. మొక్కని గుంజకి కట్టడానికి ఆయన ఇంట్లో మిగిలిన ఊలు పోగులు పెద్ద మూట కట్టుకొచ్చాడు. "పురికొస అయితే లేత బెరడు కోసేస్తుందండీ. ఊలైతే మొక్కతోపాటు సాగుతుంది. పైగా గేదెలు రంగు చూసి బెదిరి దగ్గరికి రావు" అన్నాడు. ఆయన ఆఖరున నేసిన తివాచీ ఎర్రది కాబట్టి ఊలంతా ఎరుపే. గుంజలు పాతి, గుర్తుగా ఒక్కోదానికి ఒక్కో ఎర్ర పోగు కట్టారు. ఎండ పడేసరికి దిబ్బ అంచున, నీళ్ళ వారన, ఎర్రగా కళకళలాడుతూ గుంజలు. రామకోటికి తన పెళ్ళిపందిరి గుర్తొచ్చింది.

అక్కడే పుట్టింది ముసలం. కొల్లేటిలో చేపలు పట్టేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. వానలకి నీళ్ళు ఎక్కే ముందు ఎవరు వెదురు గుంజ పాతి తమ రంగు గుడ్డ కడితే, ఆ ఏడు అక్కడ వల వాళ్ళదే. పైలంకవాళ్ళ రంగు ఎరుపు. కిందిలంకవాళ్ళది పసుపు. దిబ్బ చుట్టూ పచ్చికలోకి నీళ్ళెక్కినప్పుడు చేప మహా బలంగా దొరుకుతుంది. అందుకనే తాతల నాడు రెండు లంకలవాళ్ళూ కూర్చుని, ఆ దిబ్బ దగ్గర ఎవరూ గుంజ పాతకూడదని ఒట్టు పెట్టుకున్నారు. ఈ సంగతి కొల్లేటిలో కొంగలకి కూడా తెలుసు. ఏలూరు దళానికి తెలియదు.

కిందిలంక బుల్లెమ్మ చేపల గంపతో దోనెలో పోతూ దిబ్బ వైపు చూసింది. ఆవిడ చేతిలో గెడ అలాగే నీళ్ళలోకి జారిపోయింది.

"ఓరి నాయనోయ్! దిబ్బంతా పైలంకోళ్ళు మింగేశార్రోయ్!"

కాసేపటికి కిందిలంక దోనెలన్నీ దిబ్బ చుట్టూ చేరాయి. ఒక్కో దోనెలో జనం, కట్టలకొద్దీ వెదురు గుంజలు, పసుపు పీలికలు. ముందు దోనెలో కొంగు నడుముకి బిగించి బుల్లెమ్మ. రామకోటి వాళ్ళని చూశాడు. ఆ గుంజలు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రండి, రండమ్మా! ఇంతమంది వస్తారనుకోలేదండీ. గుంజలు కూడా మీరే తెచ్చుకున్నారాండీ!"

బుల్లెమ్మ నిర్ఘాంతపోయింది. తిట్టడానికి తెరిచిన నోటితోనే అడిగింది. "ఎవరయ్యా నువ్వు?"

"వాలంటీరునండీ."

"ఎవరి తరపు?"

"అందరి తరపూనండీ. మీరు ఎంత పాతితే అంత మంచిదండీ. కాకపోతే మా వాటికి మరీ ఆనించి కాకుండా కాస్త ఎడంగా పాతండి, రేపు పెరగాలి కదండీ. ఎండన పడొచ్చారు, ముందు మజ్జిగ తాగండి."

"చూశార్రా!" బుల్లెమ్మ తనవాళ్ళ వైపు తిరిగింది. "మన నోటికాడ కూడు లాక్కుని, మజ్జిగ పోస్తాడంట! పాతండ్రా! అడుగు ఖాళీ లేకుండా పాతండి!"

"అదండీ పట్టుదలంటే!" అన్నాడు రామకోటి పొంగిపోయి.

ఇటు పైలంక పెద్ద దేవరాజు ఒడ్డున వల బాగుచేసుకుంటూ తలెత్తాడు. దిబ్బ మీద ఎర్ర గుంజలు కనిపించి గుండె ఆగినంత పనైంది. ఒట్టు తప్పింది మనవాళ్ళెవరో! అంతలో వాటి పక్కనే పసుపు గుంజలు కూడా కనిపించాయి. ఆగిన గుండె మళ్ళీ మొదలెట్టి ఇంకా జోరుగా కొట్టుకుంది.

"మనవి ఎవడు పాతాడో ఇంటికొచ్చాక తేలుద్దాం. ముందు పదండి, మన గుంజల పక్కన పసుపు గుడ్డేంట్రా!"

పైలంక దోనెలూ వచ్చేశాయి. రామకోటి వాళ్ళకీ ఎదురెళ్ళి దండం పెట్టాడు. దేవరాజు ఆయన్ని చేత్తో పక్కకి జరిపేసి గుంజలు దింపించాడు. వీళ్ళు ఒకటి పాతితే వాళ్ళు రెండు. దిబ్బ ముళ్ళపంది వీపులా తయారైంది.

ఇమాం సాహెబ్ నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "రామకోటిగారూ, వీళ్ళు మొక్కల కోసం వచ్చినవాళ్ళలా లేరండీ. ఒక్కరూ నవ్వడం లేదు."

"పని మీద ధ్యాస ఉన్నవాళ్ళు నవ్వరండీ."

"పళ్ళు కూడా కొరుకుతున్నారండీ."

చివరికి ఎర్ర గుంజలవాళ్ళూ పసుపు గుంజలవాళ్ళూ దిబ్బ నడిమధ్యన ఎదురుబొదురయ్యారు. ఇక పాతడానికి చోటు లేదు. చేతుల్లో గెడలు పైకి లేచాయి.

"పెద్దదానివని ఊరుకుంటున్నాను అత్తా! ముందు ఒట్టు తప్పింది మీరు!" అన్నాడు దేవరాజు, తనకి అత్త వరసయ్యే బుల్లెమ్మతో.

"ఊరుకోకురా అల్లుడూ, నేనూ చూస్తాను! పొద్దున ఆ ఎర్ర గుంజలు దెయ్యాలు పాతాయా? ఎరుపు మీ రంగు కాదూ? మీ తాత చేసిన ఒట్టుకి మీరిచ్చే మర్యాద ఇదా?"

ఇమాం సాహెబ్ చేతిలో ఉన్న ఎర్ర ఊలు ఉండ వైపు చూసుకుని గబుక్కున కండువా కప్పేశాడు. "రామకోటిగారూ, కొంప ముంచింది మన ఊలేనండీ!" అని చెవిలో చెప్పాడు.

రామకోటికి అప్పటికి తలకెక్కింది. తాను పొద్దుట్నుంచీ మజ్జిగ పోసింది యుద్ధానికి వచ్చిన సైన్యాలకి! అంతలో ఎవడో ఒక ఎర్ర గుంజ పీకి నీళ్ళలోకి విసిరేశాడు. అటువాడు పసుపు గుంజ పీకాడు. ఇంకో గడియలో దిబ్బ నున్నగా అయిపోతుంది. ఆఫీసరు వచ్చి చూస్తే ఇటికల బట్టీ. ఆ తరవాత ఆదివారాలు లేవు, పలుగు లేదు, నిద్ర లేదు. మళ్ళీ ఖాళీ గ్లాసు వైపు చూస్తూ కూర్చోవడమే.

అప్పుడొచ్చింది ఆ కేక.

"ఆగండీ...!"

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మీరు అనుకుంటున్నట్టు అది వీరావేశం కాదు. రామకోటి నిలబడింది బురదలో. సరిగ్గా ఆ క్షణాన జలగ ఒకటి పాకి ఆయన పిక్క పట్టుకుంది. అందుకని అరిచాడు. అయినా అలవాటు చొప్పున "అండీ" మాత్రం మరిచిపోలేదు. గూడబాతులు లేచింది అప్పుడే. లేచిన గెడలు లేచినట్టే ఆగిపోయాయి. రెండు లంకలూ కలిసి ఆయన వైపు తిరిగాయి. అంతమంది చూస్తుంటే ఇక మాట్లాడక తప్పింది కాదు.

"ఆ ఎర్ర గుంజలు పైలంకవాళ్ళవి కావండీ! నావండీ! మొక్కల కోసమండీ!"

బుల్లెమ్మ దేవరాజు వైపు చూసింది. దేవరాజు బుల్లెమ్మ వైపు చూశాడు. ఒట్టు తప్పింది తామిద్దరే అని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"మొక్కలేవయ్యా?" అంది బుల్లెమ్మ, గొంతు తగ్గించి.

రామకోటి చెయ్యి చాపాడు. కాలవ లాకుల దగ్గర ఆలస్యమైన మొక్కల పడవ అప్పుడే దిబ్బ మలుపు తిరుగుతోంది. నిండా పచ్చగా కానుగ, వేప, మద్ది మొక్కలు.

"మరి మేం పాతినవి పీకేసుకోమంటారా?" అన్నాడు దేవరాజు. లంకలవాళ్ళు రామకోటిని "మీరు" అనడం అదే మొదలు.

పీకేసుకోండి అంటే గొడవ అక్కడితో తీరిపోయేది. రామకోటి ఆ గుంజల వైపు చూశాడు. దళం మొత్తం నెలరోజులు తవ్వినా అన్ని గోతులు పడవు.

"పాతిన గుంజ పీకడానికి వీల్లేదండీ! గుంజ పాతినవాళ్ళు దానికో మొక్క నాటి తీరాలండీ. బతికించినవాళ్ళదే ఆ చెట్టు నీడ, ఎండుపుల్ల. నీళ్ళు మాత్రం పెద్దల ఒట్టు ప్రకారం ఎప్పట్లాగే అందరివీనండీ!"

"అలాగని ఎవరన్నారు?"

"నేనన్నానండీ."

ఆ మాటకి ఇమాం సాహెబ్ చేతిలో ఊలు ఉండ జారిపోయింది. ఇంత గట్టిగా చెప్తున్నాడంటే పై నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరే అయ్యుంటాడని రెండు లంకలవాళ్ళూ తీర్మానించుకున్నారు.

ఇక చూడాలి! పడవ ఒడ్డుకి చేరకముందే జనం నీళ్ళలోకి దూకి మొక్కలు అందుకున్నారు. నీడ మీద ఆశ కాదు, అవతలి లంకోళ్ళ చెట్లు మనకంటే ఎక్కువుండడమా అన్న పంతం. పడవలో మొక్కలు గుంజలకి చాల్లేదు. కిందిలంకవాళ్ళు ఇళ్ళకి పరిగెత్తి పెరట్లో మునగ కొమ్మలు నరుక్కొచ్చారు. పైలంకవాళ్ళు కరివేపాకు మొక్కలతో సహా పెరుక్కొచ్చారు. ఇమాం సాహెబ్ మధ్యన కూర్చుని, తివాచీ ముడి ఎలా వెయ్యాలో రెండు లంకలవాళ్ళకీ నేర్పాడు. ఎరుపు అయిపోతే పసుపు, పసుపు చాలకపోతే ఎరుపు. "ఒరే అల్లుడూ, ముడి అలా కాదురా, ఇలా తే" అని దేవరాజు చేతిలోది బుల్లెమ్మ లాక్కుంది. పొద్దు వాలేసరికి ఏ మొక్క ఎవరిదో ఎవరికీ తెలియకుండా పోయింది. అందుకని అన్నిటికీ అందరూ నీళ్ళు పోశారు.

ఆఫీసరుగారు దోనె దిగి, దిబ్బంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా కలయజూశాడు. ఏదో నాలుగు పుల్లలు ఉంటాయనుకుని వచ్చిన మనిషి.

"ఇదంతా ఎవరు చేయించారు?"

రెండు లంకలూ రామకోటిని చూపించాయి. రామకోటి నమస్కారం పెట్టాడు.

"ఇంత ఒత్తుగా నాటారేమండీ?"

రామకోటి మళ్ళీ నమస్కారం పెట్టాడు. దిబ్బ తోటకే ఇస్తున్నానని ఆఫీసరు అక్కడికక్కడే చెప్పేశాడు.

సుబ్బరాజుగారికి ఈ సంగతి చెప్తే, ఆయన మంచం మీంచి ఎగిరి దూకి, ఈసారి రెండో కాలు బెణికించుకున్నాడు. ఇంటిదగ్గర భోజనాల వేళ "సావిత్రీ, మజ్జిగ!" అని వినబడేసరికి ఆవిడ గరిటె వదిలేసి, వీధి తలుపు తెరిచి, ఎవరొచ్చారా అని చూసింది.

ఇదీ జరిగింది. గూడబాతులు లేవడం నిజం, కొర్రమీను నిజం, గార్డు జెండా ఊపడం నూటికి నూరుపాళ్ళూ నిజం. అయితే ఈ కథ ఏలూరులో ఎక్కడ చెప్పినా, రామకోటి తనంత తానే అంత కేక పెట్టాడంటే ఒక్కరూ నమ్మేవారు కాదు. అందుకని ఒక్క జలగని మాత్రం నేను కల్పించాల్సి వచ్చింది.