నీళ్ళ ట్యాంకు కోసం వెళ్ళిన దంతం

గురువారం పొద్దున ఉనైసీ వేసుకున్న పథకం చాలా మామూలుది. కర్రపెండలంతో చెక్కిన ఉత్తుత్తి తిమింగలం దంతాన్ని గుడ్డలో చుట్టుకోవాలి, బస్సులో కిటికీ పక్కన కూర్చోవాలి, ఓడలో ఎవరి కంటా పడకుండా ఉండాలి, లెవూకాలో చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పేసి చీకటి పడకముందే ఇంటికి వచ్చేయాలి. వీటిలో ఆమెకు భయమల్లా ఆ నాలుగు మాటలే. వాటిని తలుచుకుంటే చాలు, కడుపులో పీత నడిచినట్టు ఉండేది.

ఆ నాలుగు మాటలు అపెనిసా మాస్టారి పుణ్యం. ఆయన బడిలో పౌరశాస్త్రం చెబుతారు. ప్రభుత్వం అంటే ఏమిటో నల్లబల్ల మీద అర్థం కాదనీ, అది పుట్టిన చోట నిలబడి చూడాలనీ ఆయన నమ్మకం. అందుకే ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని పాత రాజధాని లెవూకాకు తీసుకెళ్తారు. అక్కడ సముద్రం ఒడ్డున, వెనకటి పెద్దలు ఈ దీవుల్ని ఇంగ్లండు రాణికి అప్పగించిన చోట, గుర్తుగా ఒక రాయి ఉంది. ఈ ఏడు ఆ రాయి దగ్గర నాటకం వేయించాలని మాస్టారికి బుద్ధి పుట్టింది. సగం తరగతి ప్రభుత్వం, సగం తరగతి ప్రజలు. ప్రజలు గవర్నరుకు తిమింగలం దంతం సమర్పించి బడికి నీళ్ళ ట్యాంకు కావాలని అడుగుతారు.

"మన పద్ధతిలో దంతం పుచ్చుకుంటే అడిగింది ఇచ్చినట్టే. ఆఫీసులో కాగితం పుచ్చుకుంటే కాగితం పుచ్చుకున్నట్టే. ఈ తేడా మీ బుర్రకెక్కితే చాలు, ఈ ఏడాది పాఠం అయిపోయినట్టే," అన్నారాయన.

గవర్నరు వేషం తొరికాకు వచ్చింది. ఆమె గుసగుసలాడినా పక్క ఊరికి వినిపిస్తుంది. ప్రజల తరఫున మాట్లాడే పని మాత్రం ఉనైసీకి అప్పగించారు.

"నాకు నోరు రాదు మాస్టారూ," అంది ఉనైసీ నేలకేసి చూస్తూ.

"నోరు రానివాళ్ళకే కదమ్మా ప్రభుత్వంతో పని," అన్నారు మాస్టారు.

పొద్దున జడ వేసుకుంటూ ఉనైసీ పెండలం దంతాన్ని అరుగు మీద పెట్టింది. రెండో జడకు రిబ్బను కట్టేసరికి అరుగు ఖాళీ. పెరట్లో పంది ఏదో నములుతూ తీరిగ్గా ఆమె వైపు చూసింది. దాని కాళ్ళ దగ్గర, దంతానికి కట్టిన కొబ్బరిపీచు తాడు నమిలి ఊసేసి ఉంది.

బస్సు హారను వినిపించింది. ఇంకో పెండలం తవ్వి, ఒలిచి, చెక్కే వ్యవధి లేదు. తాత చేపలకు వెళ్ళాడు. ఆయన పెట్టెలో, చాప కింద, అసలైన దంతం ఉంది. అది ఈ శనివారం కోసం దాచింది. ఉనైసీ బాబాయి సైలోసీకి లెవూకా పక్క ఊళ్ళోని వసీతీ అంటే ప్రాణం. రెండేళ్ళ నుంచీ ఆ పెళ్ళి మాట నలుగుతూనే ఉంది. వసీతీ ఇంటి పెద్ద ఇనోకే కోపిష్టి అని ప్రతీతి. శనివారం తాత స్వయంగా దంతం పట్టుకెళ్ళి ఆయన్ని పిల్లనడగాలి. అందుకోసం నెల రోజులుగా సాయంత్రం పూట వంటింటి వెనక పనసచెట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆ మాటలు వల్లిస్తున్నాడు. వినివిని ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేశాయి. తాతకే ఇంకా మధ్యలో తడబాటు పోలేదు.

'సాయంత్రానికల్లా తెచ్చి పెట్టేస్తాను. తాత పెట్టె తీసేది శనివారమే కదా,' అనుకుంది ఉనైసీ. ఆ దంతాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బస్సుకు పరిగెత్తింది. అదృష్టం కొద్దీ అది పెండలం కంటే బరువుగా ఉందని బస్సులో ఎవరూ గమనించలేదు.

ఓడలో తొరికా తన చేమదుంపలే కాక, ఇంకో ఇద్దరి డబ్బా చేపలు కూడా తినేసింది. సముద్రం కాస్త ఊగింది. రాయి దగ్గరికి చేరేసరికి గవర్నరు చెట్టు వెనక బోర్లా పడి, నన్ను ఇక్కడే పాతేయండి అని అందరికీ వినపడేలా బతిమాలుతోంది.

"గవర్నరు లేని ప్రభుత్వం ఎలా?" అని మాస్టారు నాలుగు దిక్కులా చూశారు. దగ్గర్లో బల్ల మీద తెల్లమీసాల ముసలాయన ఒకాయన కోటు వేసుకుని, గొడుగు పక్కన పెట్టుకుని, లారీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"పెద్దయ్యా, కాసేపు మా పిల్లలకు గవర్నరుగా కూర్చుంటారా? ఒక పిల్ల వచ్చి విన్నపం చేస్తుంది. మీరు విని పుచ్చుకుంటే చాలు," అన్నారు మాస్టారు.

"నేను ఊరికే ఏదీ పుచ్చుకోను. వింటాను. నచ్చితే పుచ్చుకుంటాను," అన్నాడు ముసలాయన.

"ఆహా! గవర్నరంటే ఇలా ఉండాలి," అని మాస్టారు మురిసిపోయారు.

ఉనైసీ దంతాన్ని రెండు చేతులా పట్టుకుని మోకాళ్ళ మీద ముందుకు వెళ్ళింది. వెనక తరగతి అంతా గడ్డి మీద కూర్చుంది. నీళ్ళ ట్యాంకు మాటలు గుర్తు చేసుకుంది. మొదటి మాటే రాలేదు. రెండోదీ రాలేదు. ముసలాయన మీసాలు చూస్తే అసలు ట్యాంకు అనే వస్తువు లోకంలో ఉందన్న సంగతే మరిచిపోయింది. చెవుల్లో హోరు. అప్పుడు నోరు దానంతట అదే తెరుచుకుంది. అందులో నెల రోజులుగా నానుతున్న మాటలు ఏవో అవే బయటికి వచ్చాయి.

"మీ గడప ముందు వంగిన గడ్డిపోచలం మేము. నాలోవు ఊరి నుంచి తలలు వంచుకుని వచ్చాం. ఈ దంతం చిన్నది, దీని వెనక మా మనసు చిన్నది కాదు. మా బిడ్డ సైలోసీకి మీ చాప మీద పెరిగిన బిడ్డ వసీతీని ఇమ్మని..."

ఆమె గొంతు ఆమెకే సరిగ్గా వినిపించలేదు. వెనక కూర్చున్నవాళ్ళకు అసలు వినిపించలేదు. విన్నది ముసలాయన ఒక్కడే. మొదట ఆయన ముసిముసిగా నవ్వాడు. 'నాలోవు' అనగానే నవ్వు ఆగింది. 'వసీతీ' అనగానే గొడుగు కింద పడింది.

"ఎవరి మనవరాలివే నువ్వు?" అని మెల్లగా అడిగాడు.

"నెమానీ మనవరాల్ని."

"మీ ఇంట్లో మగాళ్ళందరికీ నోళ్ళు పడిపోయాయా?"

ఉనైసీ దంతాన్ని ఇంకాస్త ముందుకు చాపింది. ఆయన రెండు చేతులా దంతాన్ని అందుకుని ముద్దు పెట్టుకుని, అరచేతులు దొప్పల్లా చేసి బరువుగా చప్పట్లు చరిచాడు.

"పుచ్చుకున్నాను," అన్నాడు.

తరగతి అంతా చప్పట్లు. "చూశారా పిల్లలూ! ప్రభుత్వం ఇలా స్పందించాలి!" అన్నారు మాస్టారు. ముసలాయన దంతాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని లేచాడు.

"అందరూ పదండి మా ఇంటికి. ఇలాంటి పని మీద వచ్చినవాళ్ళని తినకుండా పంపే ఇల్లు కాదు ఇనోకే ఇల్లు."

ఇనోకే! వసీతీ ఇంటి పెద్ద! ఉనైసీ వెళ్ళి మాస్టారి చొక్కా అంచు పట్టుకుంది.

"మాస్టారూ, దంతం..."

"పోనీలేవే, పెండలం ముక్కే కదా. రాత్రికి ఉడకేసుకుంటాడు పాపం."

"అది పెండలం కాదు మాస్టారూ."

"మరి?"

"మా తాతది. నిజంది. నేను ట్యాంకు కూడా అడగలేదు. మా బాబాయికి పిల్లనడిగాను."

మాస్టారి ముఖంలో రంగు దిగిపోయింది. అంతలోనే లారీ వచ్చింది. భోజనం అన్న మాట విన్న పిల్లలు అప్పటికే ఎక్కేశారు. చెట్టు వెనక నుంచి తొరికా కూడా లేచి వచ్చింది.

ఇనోకే ఇంట్లో చాపలు పరిచారు. క్షణాల్లో చుట్టాలంతా చేరిపోయారు. ఎవరో పొయ్యి గొయ్యి తవ్వుతున్నారు, ఎవరో నీళ్ళలో కలిపి తాగే మత్తు వేరు, యంగోనా దంచుతున్నారు. మాస్టారు పట్టణం ఆఫీసులో ఇద్దామని తెచ్చిన యంగోనా కట్టను ఇనోకే ముందు పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"పెద్దయ్యా, చిన్న పొరపాటు జరిగింది. ఆ దంతం..."

ఇనోకే గిన్నె కింద పెట్టాడు.

"ఇచ్చింది వెనక్కి అడుగుతున్నారా? అడగచ్చు. ముందు క్షమాపణ చెప్పుకోవాలి. క్షమాపణకి ఏం తేవాలో తెలుసు కదా మాస్టారూ?"

"దంతం," అన్నారు మాస్టారు నీరసంగా.

"తెచ్చారా?"

"మీ జేబులో ఉంది."

"అయితే యంగోనా తాగండి," అన్నాడు ఇనోకే.

మాస్టారు తాగారు. ఒకటి కాదు, వచ్చిన గిన్నెనల్లా తాగారు. తిండి వడ్డించే మిషతో వసీతీ వచ్చి ఉనైసీ పక్కన కూర్చుంది.

"మీ బాబాయికి చెప్పవే. రెండేళ్ళు ఒడ్డున నిలబడి, ఆఖరికి బడిపిల్లల్ని పంపించాడని చెప్పు."

"నీకు... ఇష్టమేనా పిన్నీ?" అని అడిగింది ఉనైసీ. ఆ ప్రశ్న నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

"ఇష్టం లేకపోతే ఈపాటికి ఆ దంతాన్ని సముద్రంలో పారేసేదాన్ని. పిన్నీ అంటున్నావుగా, ఇంకా అడుగుతావేం? తిను," అంది వసీతీ. ఉనైసీ ముద్దను అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది. శనివారం తాత పెట్టె తెరుస్తాడు. పెట్టెలో చాప ఒక్కటే ఉంటుంది.

పాత సభామందిరం, పాత కోర్టు, జెండా స్తంభం ఏవీ చూడకుండానే ఓడ వేళ అయింది. బయలుదేరేముందు ఇనోకే ఉనైసీని పక్కకు పిలిచి, తాతకు చెప్పమని ఒక మాట చెప్పాడు. మర్యాదగా ఆరు చాపల్నీ, కాళ్ళు కట్టిన బతికున్న పందినీ లారీ ఎక్కించాడు. ఓడలో పంది అరుస్తూనే ఉంది. "వచ్చేటప్పుడు నీ గోల, పోయేటప్పుడు దీని గోల," అని పిల్లలు తొరికాను ఏడిపించారు. ఉనైసీ చాపల మధ్య దాక్కుంది.

"నేనూ వస్తాను మీ ఇంటికి. తప్పు నాది కూడా," అన్నారు మాస్టారు. యంగోనా వల్ల నాలుక మొద్దుబారి ఆ మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

ఇంటి ముందు సగం ఊరు ఉంది. పందిదొడ్డి చుట్టూ జనం. లోపల సైలోసీ బాబాయి చేతిలో కర్రతో, పంది వెనకాలే బురదలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. తాత చేతిలో కత్తి మెరుస్తోంది. ఇంకో చేతిలో, నమిలిన కొబ్బరిపీచు తాడు.

సంగతి ఏమిటంటే, తాత మధ్యాహ్నమే పెట్టె తెరిచాడు, దంతానికి కొబ్బరినూనె రాద్దామని. పెట్టె ఖాళీ. పెరట్లో చూస్తే తాడు. పంది తిమింగలం దంతాన్ని మింగేసిందని అందరూ తేల్చేశారు. అది ఎప్పటికైనా బయటపడుతుందని అప్పటి నుంచీ బాబాయిని కాపలా పెట్టారు. ఇప్పటిదాకా రావలసినవన్నీ వచ్చాయి, దంతం తప్ప.

"ఇక లాభం లేదు. కోసేద్దాం. శనివారం ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?" అన్నాడు తాత.

"ఇంకొక్క గంట చూద్దాం నాన్నా," అన్నాడు బాబాయి దీనంగా. "పెళ్ళి నాది కదా, నేను కూర్చుంటాను."

తాత కత్తి ఎత్తాడు. అపెనిసా మాస్టారు నోరు తెరిచారు గాని, నాలుక కదల్లేదు.

"పందిని వదిలెయ్యి తాతా! దంతం దాని కడుపులో లేదు! ఇనోకే జేబులో ఉంది!"

ఆ కేక వేసిందెవరా అని జనం తొరికా కోసం వెతికారు. ఉనైసీయే అని తెలిశాక దొడ్డి వదిలి ఆమె చుట్టూ చేరారు. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని ఉనైసీ మొదటి నుంచి చివరిదాకా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెప్పి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

తాత గొంతు వినిపించింది. "గడ్డిపోచల మాట చెప్పావా?"

"చెప్పాను తాతా."

"మనసు చిన్నది కాదన్న మాట?"

"అదీ చెప్పాను."

"నేను అక్కడే తడబడతాను," అన్నాడు తాత. "పుచ్చుకున్నాడా?"

"పుచ్చుకున్నాడు. నీకు ఒక మాట చెప్పమన్నాడు. మగాళ్ళు వస్తే ఏ తప్పు పట్టి వెనక్కి పంపాలో రెండేళ్ళుగా ఆలోచించి పెట్టుకున్నాడట. చిన్నపిల్ల వణుక్కుంటూ వస్తే ఏ తప్పూ దొరకలేదట."

తాత కత్తి కింద పెట్టాడు. అరుగు మీద కూలబడి, ఎవరూ చూడటం లేదనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"అయితే శనివారం నేను వెళ్ళి మాట్లాడక్కర్లేదన్నమాట," అన్నాడు. నెల రోజులుగా అన్నం సహించని మనిషి గొంతు అది. ఉనైసీ ఆయన వంక ఆశ్చర్యంగా చూసింది. తన కడుపులో పీత ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

బాబాయి బురదలోంచి లేవకుండానే, వసీతీ ఏమందని అడిగాడు. ఉనైసీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన రెండు పందుల్నీ వరసగా కౌగిలించుకున్నాడు.

పెళ్ళి వానలకు ముందే జరిగింది. పెళ్ళికి వచ్చిన ఇనోకే, మీ ప్రభుత్వం పాఠం చాలా బాగుందని అపెనిసా మాస్టారిని అందరి ముందూ మెచ్చుకున్నాడు.

బడికి నీళ్ళ ట్యాంకు మాత్రం రాలేదు, దాన్ని ఎవరూ అడగలేదు కదా.