ఏ పేజీ తెరిచినా కాకి పాఠమే

మా నర్సీపట్నం శివారు ప్రాథమిక పాఠశాలలో కుటుంబ భాగస్వామ్య పక్షోత్సవం నూటికి నూరు శాతం విజయవంతమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నలభై ఒక్కమంది పిల్లలు, నలభై ఒక్క కుటుంబాలు. ప్రతి కుటుంబమూ బడికి వచ్చింది, బిడ్డ పక్కన కూర్చుంది, ఫొటో దిగింది, వెళ్లింది. వీటిలో ఇరవై కుటుంబాలు ఒకే మనిషి. ఆ మనిషి పేరు లోవమ్మ. బడి గేటు పక్కన గోనెపట్టా పరుచుకుని జామకాయలూ ఉసిరికాయలూ అమ్ముకుంటుంది.

ఈ సంగతులు రాయడానికి నాకున్న అర్హత కూడా చెప్పుకోవాలి. నా పేరు నారాయణమూర్తి. రోలుగుంట రోడ్డులో సిమెంటు, ఇనప సామాన్ల కొట్టు నాదే. పక్షోత్సవానికి బేనరు నేనే రాయించాను కాబట్టి పాఠశాల కుటుంబ భాగస్వామ్య సంఘానికి గౌరవాధ్యక్ష పదవి నాకే వచ్చింది. మా పిల్లలెవరూ ఈ బడిలో చదవలేదు, మనవలూ చదవడం లేదు. అందువల్ల నేను నిష్పక్షపాతంగా ఉండగలనని హెడ్మాస్టరు జగదీశ్వరరావు గారు సభాముఖంగా ప్రకటించారు. అధ్యక్షుడి పని సంతకం. చదవడం ఆ పనిలోకి రాదు. వచ్చిన ప్రతి కాగితం అడుగునా "చదివి, అర్థము చేసికొని, సమ్మతించితిమి" అని వాళ్లే అచ్చువేసి పంపుతారు. అంత శ్రమపడి అచ్చువేశాక మనం మళ్లీ చదివితే వాళ్లను అనుమానించినట్టు ఉంటుంది.

పక్షోత్సవపు ఉత్తర్వును మాత్రం హెడ్మాస్టరు గారు చదివి వినిపించారు. "బిడ్డ చదువులో కుటుంబము పాత్ర అమూల్యము. కావున ప్రతి కుటుంబము ప్రతిదినము ఉదయం పది గంటల నుండి పన్నెండు గంటల లోపు పాఠశాలకు విచ్చేసి, భాగస్వామ్యము వహించి, సదరు భాగస్వామ్యమును ఫొటో రూపమున యాప్‌లో ఎక్కించవలెను." ఉదయం పదింటికి మా పేటలో కుటుంబాలు ఎక్కడుంటాయో పై ఆఫీసుకు తెలియకపోవచ్చు. తల్లులు జీడిపిక్కలు కొట్టే షెడ్డులో ఉంటారు. తండ్రులు తెల్లారకముందే కోటవురట్ల వైపు చెరకు నరకడానికి ఆటోల్లో వెళ్లిపోతారు. పిల్లల చదువు పట్ల ఇది క్షమించరాని నిర్లక్ష్యమని మా సంఘం మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సమావేశానికి వచ్చింది నేనూ, హెడ్మాస్టరు గారూ, ఆయన తెప్పించిన టీయూ.

ఐనా మేం కార్యక్రమాలు ఆపలేదు. మొదటి రోజు తల్లుల ముగ్గులు. వచ్చిన తల్లులు ముగ్గురే కాబట్టి ఒకే ముగ్గును నాలుగు వైపుల నుంచి ఫొటో తీశాం. రెండో రోజు తండ్రుల తాడులాగుడు. ఒక జట్టు రాలేదు కనుక రెండో చివర కొబ్బరిచెట్టుకు కట్టాం. చెట్టు గెలిచింది. మూడో రోజు తాతల కథల రోజు. చింతపండు అమ్ముకోవడానికి ఏజెన్సీ కొండల నుంచి దిగొచ్చిన సింగన్న అనే ముసలాయన, మనవణ్ణి చూసిపోదామని బడికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆయన గొంతు సవరించుకుని, పిల్లలందర్నీ ఒకసారి కలియజూసి, కొండ మీద పులి ఒకటి ఉండేదని మొదలుపెట్టాడు. ఫొటో బాగా వచ్చింది. ఇక చాలని చెప్పి దండ వేసి పంపించేశాం. ఆ పులి ఏమైందని పిల్లలు ఇప్పటికీ అడుగుతున్నారు. సమాచారం అందుబాటులో లేదు.

ఇంతచేసినా యాప్‌లో మా బడికి యాభైఒక్క శాతమే చూపించింది. అప్పుడు జగదీశ్వరరావు గారికి గేటు పక్కన లోవమ్మ కనిపించింది. యాప్‌కు కావలసింది ఫొటోలో ఒక పెద్ద మొహం, ఒక చిన్న మొహం. లోవమ్మకు పెద్ద మొహం ఉంది, పది నుంచి పన్నెండు దాకా బేరాలూ ఉండవు. "కుటుంబమనేది ఒక భావన. భావనకు మనం ఆధార్ కార్డు అడగరాదు" అని హెడ్మాస్టరు గారు ఉపన్యసించారు. నేను చప్పట్లు కొట్టాను. ఆ రోజు నుంచి లోవమ్మ ఒకడికి మేనత్త, ఒకర్తెకు నాయనమ్మ, కవలపిల్లలకు విడివిడిగా ఇద్దరు అమ్మమ్మలు. కవలల కోసం కళ్లజోడు నాదే ఇచ్చాను. పందొమ్మిదిమంది పిల్లల పేర్ల ఎదురుగా రిజిస్టరులో ఆమె వేలిముద్ర పడింది. ఇరవయ్యో పిల్ల దేవి. ఆమె సొంత మనవరాలు, కూతురి కూతురు, మూడో తరగతి.

లోవమ్మ ఈ సేవకు ప్రతిఫలంగా ఒక్కటే అడిగింది. టీచరు సాయిలక్ష్మి గారు దేవి పక్కన ఒక్క పది నిమిషాలు కూర్చుని, అది చదువుతుంటే వినాలి.

"మా గుంట రోజూ పుస్తకం తీసి గడగడా సదువుతాది టీచరమ్మా. అయితే ఏ పేజీ తీసినా కాకి పాటమే వొస్తాంది. మొన్న లెక్కల పుస్తకం తీసినా కాకే వొచ్చింది. నాకు సదువు రాదు, దాని అమ్మకీ రాదు. అది సదవతందో, ఇన్నది ఒప్పసెప్పతందో నాకేటి తెలుస్తాది? ఒకపాలి మీరు ఇనీసి సెప్పండి."

సాయిలక్ష్మి గారు మంచి టీచరు. అయిదు తరగతులకూ ఆవిడా, హెడ్మాస్టరు గారూ ఇద్దరే. "తప్పకుండా వింటాను మామ్మా, ఈ ఫొటోలు ఎక్కించేసి" అన్నారు. ఫొటోలు ఎక్కేసరికి పన్నెండయింది, భోజనాల గంట కొట్టారు. మర్నాడూ అదే మాట, అదే గంట. మూడో రోజు లోవమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని నా కొట్టుకే వచ్చింది. దేవి పుస్తకం విప్పి గడగడా చదివింది. నేను ఫోన్‌లో మా బడి శాతం చూసుకుంటూ "శభాష్, బ్రహ్మాండంగా చదువుతోంది" అన్నాను. "పుస్తకం తలకిందులుగా పట్టించాను బాబూ" అంది లోవమ్మ. తర్వాత పిల్లను తీసుకుని వెళ్లిపోయింది. నా చెవులు కాస్త వేడెక్కాయి. ఎండ అనుకున్నాను.

ఈలోగా మా శాతం నూరైంది, మా బడి మండలంలో మొదటి స్థానానికి వచ్చింది. పై ఆఫీసు ఆనందించి పక్షోత్సవాన్ని రెండు నెలలకు పొడిగించింది. బాగా చేసినవాళ్లకు మరికాస్త పని ఇవ్వడం పై ఆఫీసు మర్యాద. పొడిగించిన మొదటి రోజున లోవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి పిల్లను పక్కన నిలబెట్టి, హెడ్మాస్టరు గారు ఫోన్ ఎత్తారు. లోవమ్మ ముఖం పక్కకు తిప్పేసుకుంది.

"ఇటు చూడు లోవమ్మా."

"సూడను మేస్టారూ. ఒక పొటోకి ఒక పేజీ. పిల్ల సదవాల, టీచరమ్మ ఇనాల. అప్పుడే ఇటు తిరుగుతాను."

"సరే, దేవి చేత చదివిస్తాం. ముందు ఫొటో కానీ."

"దేవి ఒక్కర్తే ఏటండి? ఈలందరికీ నానే కదా అమ్మమ్మని. తమరే కదా రాసుకున్నారు, ఏలిముద్ర ఏయించారు. నా మనవలందరూ సదవాల."

మేం రిజిస్టరు చూశాం. ఆమె చెప్పింది నిజమే. చట్టప్రకారం ఆమె ఇరవైమంది పిల్లల కుటుంబం. రిజిస్టరులో రాసినదాన్ని రాసినట్టుగా నమ్మిన మనిషి మా మండలంలో అంతకుముందు లేకపోవడం చేత, ఈ పరిస్థితిలో ఏం చెయ్యాలో ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు. లోవమ్మ ఫొటోలోకి రాకపోతే శాతం మళ్లీ యాభైఒకటి. పదకొండున్నర దాటింది. జగదీశ్వరరావు గారు చెమట తుడుచుకుని, "సాయిలక్ష్మి గారూ, వినండి" అన్నారు.

విన్నారు. ఇరవైమందిలో పదకొండుమందికి ఏ పేజీ తెరిచినా కాకే వచ్చింది. దేవి అందరికన్నా వేగంగా కాకి పాఠం అప్పజెప్పి, చప్పట్లు వస్తాయేమోనని చూసింది. సాయిలక్ష్మి గారు చప్పట్లు కొట్టలేదు. ఆ పిల్ల వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టి, "ఇదేంటమ్మా?" అన్నారు. దేవి చాలాసేపు చూసి, "కాకి" అంది. లోవమ్మ కొంగుతో మూతి మూసుకుంది. అప్పుడు నాకు నా కొట్టు గుర్తొచ్చింది. నిజంగానే సిగ్గేసింది.

ఆ రోజు నుంచి మా బడిలో కొత్త పద్ధతి మొదలైంది. ఉదయం పది గంటలకు లోవమ్మ కుర్చీలో కూర్చుంటుంది. ఒక్కొక్క పిల్లా వస్తుంది, ఒక పేజీ చదువుతుంది, టీచరు గారు వింటారు, తప్పులు దిద్దుతారు. లోవమ్మ ఒక కన్నుతో పిల్లనూ, రెండో కన్నుతో గేటు దగ్గర జామకాయల తట్టనూ చూసుకుంటుంది. పేజీ అయ్యాక ఆమె కెమెరా వైపు తిరిగి నవ్వుతుంది. జీడి షెడ్డు నుంచి ఒకరిద్దరు తల్లులు మధ్యాహ్నం అన్నం వేళ వచ్చి కిటికీలోంచి చూసి వెళ్లడం కూడా మొదలుపెట్టారు. అది పన్నెండు దాటాక జరిగింది కాబట్టి భాగస్వామ్యం కిందకు రాదు. మేం నమోదు చెయ్యలేదు.

దీనివల్ల జరగవలసిన నష్టం జరిగింది. పన్నెండుకల్లా ఎక్కిపోయే ఫొటోలకు మూడు గంటలు పట్టసాగింది. నెల తిరిగేసరికి మండలంలో మొదటి స్థానం నుంచి ముప్ఫై ఎనిమిదో స్థానానికి జారిపోయాం. పై ఆఫీసు సంజాయిషీ అడిగింది. జగదీశ్వరరావు గారు అబద్ధం రాయడానికి తగినంత సమయం లేక నిజం రాసేశారు: "పిల్లలచేత చదివించుటవలన జాప్యము కలిగినది." నేను సంతకం పెట్టాను. నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. దానికీ సంతకం పెట్టి, నోటీసు బోర్డుకు అంటించమని చెప్పాను. ఆ జవాబులో ఏముందో అప్పటికి నాకు తెలియదు. మా సంఘం పద్ధతి మీకు తెలుసు.

మర్నాడు నేను బడికి వెళ్లేసరికి నోటీసు బోర్డు దగ్గర దేవి నిలబడి ఉంది. పక్కన లోవమ్మ, వెనక సాయిలక్ష్మి గారు. దేవి కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ చదువుతోంది.

"ఇక... మీదట... కుటుంబ భాగస్వామ్య... సమయములో... పిల్లలచేత... చదివించుట... వంటి... అనవసర... కార్యక్రమములు... చేపట్ట... రాదు."

అక్కడ కాసేపు ఊపిరి తీసుకుంది. అడుగున ఇంకా ఉందని చూసి మళ్లీ మొదలుపెట్టింది. "చదివి... అర్థము చేసికొని... సమ్మతించితిమి. నా... రా... యణ... మూర్తి." వెనక్కి తిరిగింది. "తాతా, ఇది నువ్వే కదా?"

నేనేనని ఒప్పుకున్నాను.

లోవమ్మ నన్ను పట్టించుకోలేదు. నోటీసులో ఏముందో కూడా ఆమెకు పట్టలేదు. ఆమె కళ్లన్నీ టీచరు గారి మీదే ఉన్నాయి. "కాకి వొచ్చిందా టీచరమ్మా?" అంది.

"ఎక్కడా రాలేదు మామ్మా. ఒక్క తప్పు లేకుండా చదివింది" అన్నారు సాయిలక్ష్మి గారు. లోవమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి, పిల్ల తల నిమిరి, పక్కనున్న తట్టలోంచి మంచి జామకాయ ఏరి ఇచ్చింది. ఆ తర్వాత తీరిగ్గా నా వైపు చూసింది. "మరి తమరు సదివే ఏలిముద్ర ఏసారా బాబూ?"

"ఫోన్ వస్తోంది" అన్నాను. రాలేదు.

పక్షోత్సవం అధికారికంగా ఇంకా కొనసాగుతోంది. ఉత్తర్వును గౌరవించి చదివించడం పన్నెండు గంటల తర్వాతకు మార్చాం. అన్నం వేళకు వచ్చే షెడ్డు తల్లులకు ఆ వేళే కుదిరింది. ఇప్పుడు మా బడికి నిజంగా కుటుంబాలు వస్తున్నాయి, నమోదు మాత్రం కావడం లేదు. శాతం కోసం లోవమ్మ పదింటికే కుర్చీ ఎక్కుతోంది. మధ్యాహ్నపు చదువు ఒక్కరోజు తప్పినా, మర్నాటి ఫొటోలో ఆమె వీపే వస్తుందని హెచ్చరించింది.

దేవి నోటీసు చదువుతున్నప్పుడు నేను తీసిన ఫొటోను మాత్రం "ఆదర్శ విద్యార్థిని" అని రాసి బడి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మంచి వెలుతురులో తీశాను. పిల్ల వేలు, దాని పైనా కిందా నోటీసులోని ప్రతి మాటా స్పష్టంగా కనిపిస్తున్నాయి. సాయంత్రానికి నూట పన్నెండు బొటనవేళ్లు వచ్చాయి. అక్కడ ఏం రాసుందని ఒక్కరూ అడగలేదు. గ్రూపులో అందరూ చదువుకున్నవాళ్లే. మొదటి బొటనవేలు పై ఆఫీసుదే.