మూడు వేల ఏళ్ల స్థానికురాలు

పోచమ్మకు మొదటి బోనం ఎవరెత్తాలన్న తగువును రసాయన పరీక్షతో తేల్చుకున్న ఊరు మా లాల్‌గడి మలక్‌పేట్ అని భక్తులందరికీ సవినయంగా తెలియజేస్తున్నాం. మరే ఊళ్లోనైనా ఇలా జరిగి ఉంటే వారికి మా సానుభూతి.

నిన్నమొన్నటిదాకా మొదటి బోనం సుక్కమ్మ ఎత్తేది. కుండ చేసే ఇంటిదే మొదటి బోనమన్నది పాత ఆనవాయితీ. ఆనవాయితీకి ఆధారం అడగడం నాగరికుల లక్షణం కాబట్టి లేఅవుట్ల జనార్ధన్ గారు అడిగారు. సుక్కమ్మ మామగారి తండ్రి కుండలు చేసే సారె నెత్తిన పెట్టుకుని సిద్దిపేట వైపు నుంచి వచ్చినవాడనీ, బయటివాళ్లకు మొదటి బోనం చెల్లదనీ, ఊరికి అసలు వారసులైన తమ ఇంటి నుంచి తన భార్య శోభారాణి ఎత్తుతుందనీ ప్రకటించారు.

ఆధారం అమ్మవారే చూపించింది. ఆయన కొత్త లేఅవుట్‌లో రోడ్డు కోసం జేసీబీ తవ్వుతుంటే పెద్ద బండల కింద మూడు వేల ఏళ్లనాటి ఆదిమకాలపు సమాధి బయటపడింది. అందులో ఒక ఆడమనిషి ఎముకలు, మెడ దగ్గర ఎర్రరాళ్ల పూసలు, వాటి మధ్య ఒకే ఒక నీలం పూస. జనార్ధన్ గారు చూడగానే గుర్తుపట్టారు.

"మా అవ్వకు అవ్వ. ముక్కు జూస్తె తెలుస్తలేదా?" అన్నారు.

పుర్రెకు ముక్కు ఉండదు కదా అని అడగబోయి, పెద్దల విషయంలో తర్కం పాపమని ఊరుకున్నాం.

పూసలను పరీక్షించడానికి శ్రీలేఖ అనే పరిశోధకురాలు వచ్చింది. రాయిలో కలిసిన లోహాల పాళ్లు ఒక్కో గనికి ఒక్కోలా ఉంటాయనీ, వాటిని బట్టి రాయి ఎక్కడ పుట్టిందో, ఏ దారిన వర్తకులు తెచ్చారో చెప్పవచ్చనీ వివరించింది. జనార్ధన్ గారు ఎంతో సంతోషించి, "పుట్టింది ఈన్నే అని రాయిర్రి మేడం, చాయ్ తాగి పోదురు" అన్నారు.

మొదటి పరీక్షలో పసుపు, కుంకుమ, కొబ్బరినూనె, గిన్నెల సబ్బు ఉన్నట్టు తేలింది. అంతకుముందే శోభారాణి పూసలను శుభ్రంగా తోమి, బొట్లు పెట్టి, పోచమ్మ పాదాల దగ్గర ఉంచి మొక్కింది. ఈ ఫలితాన్ని జనార్ధన్ గారు ఆ అవ్వ ముత్తైదువగా పోయిందనడానికి రుజువుగా స్వీకరించారు. సబ్బు సంగతి అడిగితే, "మాది మొదటికెల్లి సాఫ్ ఉండే ఖాన్‌దాన్" అన్నారు.

శ్రీలేఖ పూసలను మళ్లీ కడిగి, ఈసారి రాయి లోపలి భాగాన్ని పరీక్షించింది. ఫలితం వినడానికి ఊరంతా షామియానా కింద కూర్చున్నాం. ఎర్రరాళ్లు గుజరాత్‌వి, నీలంరాయి అఫ్ఘనిస్తాన్ కొండలది అని చదివింది. గింజలకో ఇనుముకో మారకంగా, ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ వచ్చి ఉంటాయంది.

జనార్ధన్ గారు లేచారు. "గంత దూరమా? జర ఇటు జరుపుర్రి మేడం. మేడ్చల్ దాంక తెచ్చినా నడుస్తది."

"రాయి పుట్టినచోటును నేను జరపలేను సార్."

"పోనీ కౌకూర్ అని రాయిర్రి. మా అత్తగారిల్లు ఆన్నే."

ఆడవాళ్ల వరసలోంచి సుక్కమ్మ అడిగింది. "ఏంది పటేలా, బయటోళ్లకు మొదటి బోనం లేదంటివి. మీ అవ్వ సొమ్ములు సూస్తె దేశం అవతలియాయె."

"రాళ్లు కొనుక్కున్నది సుక్కవ్వా. మనిషి లోకలే."

"గదెట్ల? ఈ ఊర్ల బోనమెత్తేటోళ్లమంత బయటికెల్లి అచ్చినోళ్లమే. నేను సూరారం కెల్లి అచ్చిన, నీ పెండ్లాం కౌకూర్ కెల్లి అచ్చె. ఊర్ల పుట్టిన ఆడివిల్లలనేమో లగ్గం జేసి బయటికి తోలిస్తిరి. ఇగ లోకల్ ఆడిది నీకు యాడ దొర్కుతది?"

శోభారాణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. జనార్ధన్ గారు అటు చూశాక దగ్గుగా మార్చింది. ఆభరణం ఎక్కడిదో తెలిసినంత మాత్రాన మనిషి ఎక్కడిదో తెలియదని శ్రీలేఖ చెప్పబోయింది. అప్పటికే మైకు వేరేవాళ్ల చేతిలో ఉంది.

ఆ వేరేవాళ్లం మేమే. జనార్ధన్ గారి దగ్గరే నిరుడు ప్లాట్లు కొని ఇళ్లు కట్టుకున్న కాలనీవాళ్లం. ఇరుపక్షాల స్థానికతా అనుమానాస్పదంగా ఉన్నందున, ఈ ఊరివాళ్లమని రిజిస్ట్రేషన్ కాగితాలు చూపగలిగిన మా కాలనీకే మొదటి బోనం చెందాలని ప్రతిపాదించాం. చేతులెత్తమన్నారు, ఎత్తాం. ఊరివాళ్ల చేతులకంటే మా చేతులే ఎక్కువ. జనార్ధన్ గారు కూడా కొంచెం ఆలోచించి, ఇంకా అమ్మాల్సిన ప్లాట్లు ఉన్నందువల్ల, మాతోపాటు ఎత్తారు.

శ్రావణంలో మా ఇంటావిడ మొదటి బోనం ఎత్తింది. సుక్కమ్మ తను చేసిన కుండలన్నీ మా ఆడవాళ్ల నెత్తిన సర్ది, వరస చివరికి వెళ్లి నిలబడింది. అమ్మవారు ఎవరు తెచ్చిన అన్నమైనా తింటుందని మా అమ్మ చెప్పేది. ఆ మాట సభలో చెప్పి ఉండాల్సిందేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ అప్పటికే ఇంట్లో పట్టుచీర కొనేశారు.

ఇప్పుడు మా కాలనీ పక్కన ఇంకో లేఅవుట్ పడింది. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఇళ్లు మొదలుపెడుతున్నారు. వాళ్లెవరో, వాళ్ల పూర్వాపరాలేమిటో కనుక్కోకుండా ఇలా ఊళ్లోకి రానిస్తే మన ఆచారాలు ఏమైపోతాయోనని, తరతరాల స్థానికులుగా మేం ఎంతో ఆందోళన చెందుతున్నాం.