చుక్క నడిచిన గోడ

సోమవారం పొద్దున్నే గోడమీద సినిమా పేరు రాయించేసి, పదింటికల్లా ఇంటికెళ్లి ఉప్మా తినాలనుకున్నాడు చంద్రమౌళి. నెల్లిమర్లలో వాళ్ల తాత కట్టించిన సినిమా హాలు రెండేళ్లుగా మూతపడి ఉంది. శుక్రవారం దయ్యం సినిమాతో మళ్లీ తెరుస్తున్నాడు. ఇది కూడా ఆడకపోతే కల్యాణమండపం చేసేద్దామని తమ్ముళ్లు ముందే తీర్మానించారు.

పెయింటరు గంగులు నిచ్చెన దిగేసరికి తెల్లటి గోడమీద నల్లటి అక్షరాలు నిలబడ్డాయి: అర్థరాత్రికో అతిధి.

పాల ప్యాకెట్టుతో అటుగా వెళుతున్న వేంకటాచలం మాస్టారు ఆగిపోయారు. ముప్ఫయ్యేళ్లు తెలుగు చెప్పి రిటైరైన మనిషి.

"చుక్క తప్పుచోట పడింది చంద్రమౌళీ. అర్ధమంటే సగం, దాని పొట్టలో చుక్క ఉండకూడదు. ఉండాల్సింది అతిథిలో."

"దెయ్యం సినిమాకి సుక్క ఎక్కడుంటే ఏటి మాస్టారూ? కంపెనీవోలు ఫోన్లో పంపిన బొమ్మ సూసే రాసినాను," అన్నాడు గంగులు.

చంద్రమౌళి భార్య ఝాన్సీలక్ష్మి ఆ బొమ్మ తెరిచి చూపించింది. "కంపెనీ రాసినట్టే ఉండాల. మనం మార్సేస్తే, రేపు ఆలు సినిమా ఇవ్వకపోతే ఏటి సేస్తాం?"

హాలు తాళాలు ఆమెవే, ఆఖరి మాటా ఆమెదే. గంగులు నిచ్చెననూ రంగు డబ్బాలనూ గోడవారనే వదిలేసి, మొక్కు తీర్చుకోవడానికి శ్రీకూర్మం వెళ్లిపోయాడు.

మంగళవారం పొద్దున మంచు దట్టంగా పట్టింది. జూట్ మిల్లుకు మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు సైకిళ్లు ఆపి పైకి చూశారు. చుక్క మొదటి మాటలో లేదు. రెండో మాటలో ఉంది. బుధవారం మళ్లీ మొదటి మాటలోకి వచ్చేసింది. గురువారం రెండో దాంట్లోకి వెళ్లింది.

"సుక్క నడుస్తన్నాది," అంది కూరగాయల గంపతో వెళుతున్న ముసలమ్మ, మామూలు సంగతి చెప్పినట్టు.

మధ్యాహ్నానికి గోడకు నిమ్మకాయలు వేలాడాయి. మిల్లువాళ్లు రోడ్డుకు అవతలి పక్కనుంచి నడవడం మొదలెట్టారు. చంద్రమౌళి నిచ్చెననూ డబ్బాలనూ హాల్లో పడేసి తాళం వేసి, జ్వరం తెచ్చుకుని పడుకున్నాడు.

"గోడ పక్కకే రానోలు హాల్లోకొస్తారేటి?" అన్నాడు దుప్పటిలోంచి.

శుక్రవారం తెల్లారేసరికి తాళాలు పట్టుకుని ఝాన్సీలక్ష్మి హాలు దగ్గరకు వచ్చింది. మంచులో గోడ కనబడటం లేదు. గోడ ముందు ఒక మనిషి ఆకారం మాత్రం కనబడింది. చేతిలో బ్రష్షుంది.

"ఎవులది?"

"నేనే అమ్మా, వేంకటాచలం," అంది ఆకారం. "మంగళవారం, నిన్న... నేనే దిద్దాను. తప్పు చూస్తే నిద్రపట్టదు. మధ్యలో ఒకరోజు దానంతటది వెనక్కి వెళ్లిపోయింది. అప్పట్నుంచీ అసలు నిద్రే లేదు. ఇవాళ కూడా వెనక్కి వెళ్లిందేమో చూద్దామని వచ్చాను."

"బుధవారం నానే మార్సినాను మాస్టారూ," అందామె. "ఇవాళా అందుకే వచ్చినాను. మీరని తెలీక మూడు రోజులై ముద్ద దిగనేదు."

ఇద్దరికీ ప్రాణం లేచివచ్చింది. నవ్వుకున్నారు. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు ఏది అంటే అదే ఉంచుదామని ఒప్పందానికి వచ్చారు. అంతలో మంచు పలచబడింది.

మొదటి మాటలో చుక్క లేదు. రెండో మాటలోనూ లేదు. రెండింటికీ నడుమ, ఖాళీ సున్నం మీద, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు ఆగి ఉంది. రంగు ఇంకా తడిగా కారుతోంది.

"నిచ్చెన ఎక్కడమ్మా?" అన్నారు మాస్టారు మెల్లగా.

"హాల్లోనే. తాళం ఇదిగో, నా సేతిలోనే ఉన్నాది."

హాలు తెరిచి చూశారు. నిచ్చెన, డబ్బాలు చంద్రమౌళి పడేసినట్టే ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ బ్రష్షు ముట్టుకోలేదు.

తొమ్మిదింటికల్లా ఆ కబురు విజయనగరం దాటింది. ఆటోల మీద, బైకుల మీద జనం గోడ చూడటానికి దిగారు. ఎటూ ఇంతదూరం వచ్చాం కదా అని టిక్కెట్లు కొన్నారు. బాల్కనీలో నిలబడటానికి చోటు లేదు. చంద్రమౌళికి జ్వరం దిగిపోయింది. తమ్ముళ్లు కల్యాణమండపం మాట మళ్లీ ఎత్తలేదు.

దీపాలు ఆర్పారు. మాస్టారు ముందువరసలో కళ్లజోడు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. తెరమీద సినిమా పేరు పడింది, అచ్చంగా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో. మూడు 'ఐ'లు, వాటి నెత్తిన మూడు చుక్కలు.

మూడూ సరైన చోటే ఉన్నాయని మాస్టారు ఒప్పుకున్నారు.