ఇంటికొక్క బాబా

పిల్లల్ని నిద్రపుచ్చి సరిహద్దు దాటించాలన్న ఆలోచన జుబీర్‌ది. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి కాబట్టి లోకంలో ఏ గొడవనైనా చల్లబరచవచ్చని అతని నమ్మకం. ఆ ఉదయం సరిహద్దుకి ఇవతల గెల్మా ఊళ్ళో, ఇంటి ముందు, కారు డిక్కీలో గొడుగూ చాపా పుచ్చకాయా కుక్కుతూ, తన పథకాన్ని భార్య వహీబాకి మళ్ళీ మొదటినుంచీ వివరించాడు.

"ముందు ఎల్ కాలా బీచి దగ్గర ఆపుతాం. పిల్లలు ఒళ్ళు హూనమయ్యేదాకా నీళ్ళలో గెంతుతారు. కాల్చిన సార్డీన్ చేపలు కడుపునిండా పెడతాం. ఎండకి పోలీసులే కునికిపాట్లు పడే వేళకి మనం సరిహద్దు దగ్గరుంటాం. వరసలో ఏడుపులూ గోలా ఉండవు. వీళ్ళు కళ్ళు తెరిచేసరికి ట్యునీషియా, సెలవులు మొదలు!"

"మధ్యలో నువ్వు నిద్రపోకు, అంతే చాలు," అంది వహీబా.

గుమ్మం పక్కన కుర్చీలో జుబీర్ తండ్రి హాజ్ లఖ్దర్ కాఫీ తాగుతున్నాడు. ఆయన తలకి పైన వేలాడే పంజరంలో గోల్డ్‌ఫించ్ పిట్ట కూస్తోంది. జుబీర్ డిక్కీ మూసి, మర్యాద గుర్తొచ్చి, "మీరు కూడా రాకూడదూ, బాబా?" అన్నాడు.

"నేనెందుకులేరా. పిట్టకి గింజలెవరు వేస్తారు?" అన్నాడు హాజ్.

ఆ ఇంట్లో ఎవరినైనా మూడుసార్లు పిలవాలి. మొదటిసారి కాదనడం మర్యాద, రెండోసారి కాదనడం పరువు, మూడోసారికి చెప్పులు తొడుక్కోవడం ఆచారం. జుబీర్ పుట్టి పెరిగింది ఆ ఇంట్లోనే. కానీ ఆ పూట అతని బుర్ర నిండా పథకమే ఉంది. "సరే అయితే," అనేసి కారెక్కాడు. హాజ్ కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. లోపల జుబీర్ తల్లి, ముసలావిడ, తలగుడ్డ కొసతో కళ్ళు ఒత్తుకుంది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. పెద్దాయన బతికున్న ఇంట్లో కన్నతండ్రి తన పిల్లల్ని అందరి ముందూ ఎత్తుకోడు, ముద్దుచేయడు, సిగ్గు. అందుకని ఆ ఇంట్లో నాన్నని పిలిచే బాబా అన్న పిలుపు తాతకే చెందుతుంది. అమ్మని పిలిచే యెమ్మా అన్న పిలుపు నాయనమ్మకి. కన్న తల్లిదండ్రుల్ని పిల్లలు పేరుపెట్టి పిలుస్తారు. ఐదేళ్ళ రితాజ్, మూడేళ్ళ వాయిల్ కూడా అంతే. జుబీర్ కూడా చిన్నప్పుడు హాజ్‌ని "లఖ్దర్, లఖ్దర్" అంటూ తిరిగినవాడే. తాత పోయిన తరవాతగానీ తండ్రిని బాబా అనలేదు. ఆస్తికి వచ్చినట్టే పిలుపుకి కూడా వంతు రావాలి. తన వంతు ఇప్పుడే రావాలని జుబీర్ ఎందుకు కోరుకుంటాడు? తండ్రి నూరేళ్ళు ఉండాలి. అయినా బజార్లో ఎవరి పిల్లలైనా ఎవరినైనా "బాబా!" అని పిలిస్తే, జుబీర్ ఒకసారి తల తిప్పి చూసేవాడు. ఎవరికీ చెప్పని ఆశ అది.

పథకం అచ్చు అనుకున్నట్టే సాగింది. పిల్లలు అలల్లో గెంతారు, చేపలు తిన్నారు, కారెక్కగానే ఒకరిమీద ఒకరు వాలిపోయారు. వహీబా వాళ్ళమీద పల్చటి తువ్వాలు కప్పింది. జుబీర్ రేడియో కట్టేశాడు, గుంతలు తప్పించాడు, సరిహద్దు వరసలో వెనకవాడు హారన్ కొడితే దిగి వెళ్ళి దణ్ణం పెట్టినంత పనిచేసి వచ్చాడు.

కిటికీ దగ్గరున్న అధికారి కుర్రవాడు. అల్జీర్స్‌లో ఓ ఎత్తైన భవనంలో, తాతా నాయనమ్మా లేని ఇంట్లో, తండ్రిని పాపా అంటూ పెరిగినవాడు. ఈ చౌకీకి వచ్చి వారం కూడా కాలేదు. ఈ ప్రాంతపు సంగతులు తెలిసిన పై అధికారి మేనకోడలి పెళ్ళికి వెళ్ళాడు.

"పిల్లలు నిద్రపోతున్నారా? పాపం, లేపకండి," అన్నాడు కుర్రవాడు గొంతు తగ్గించి. "మీ పాస్‌పోర్టులన్నీ బాగున్నాయి సార్. కుటుంబ పుస్తకం కూడా ఉందా?"

ఎవరు ఎవరి పిల్లలో సర్కారు ముద్రతో రాసి ఉండే ఆ పుస్తకం ఇంట్లో బీరువాలో ఉంది. "మర్చిపోయాను," అన్నాడు జుబీర్ గుసగుసగా.

"ఫరవాలేదు లెండి." అధికారి స్టాంపు పైకెత్తాడు. సరిగ్గా అప్పుడే కారంతా గోల్డ్‌ఫించ్ కూత మార్మోగింది.

అది జుబీర్ ఫోను. హాజ్ పిట్ట కూతనే హాజ్ కాల్‌కి మోతగా పెట్టుకున్నాడు. జుబీర్ అదిరిపడి ఫోను కట్ చేశాడు. కానీ ఆ కూత వింటే చాలు, రితాజ్ సమాధిలోంచైనా లేచి వస్తుంది.

"బాబా! బాబా ఫోను! నాకివ్వు! బాబాతో మాట్లాడాలి!"

అధికారి స్టాంపు గాల్లోనే ఆగింది. "బాబాతోనా? బాబా ఇక్కడే ఉన్నారుగా, తల్లీ?"

"లేడు. ఇంట్లో ఉన్నాడు."

"మరి ఇతనెవరు?"

"జుబీర్."

"ఆవిడ?"

"వహీబా."

"మీ యెమ్మా ఎక్కడమ్మా?"

"ఇంట్లో. పొద్దున ఏడ్చింది," అంది రితాజ్, తనకి కూడా ఏడుపొచ్చి.

అధికారి స్టాంపు కింద పెట్టాడు. "కారు పక్కకి తియ్యి," అన్నాడు. అప్పటిదాకా మీరు అన్నవాడు నువ్వులోకి దిగాడు.

"బాబూ, వీళ్ళు నా పిల్లలే! మా ఇళ్ళల్లో తాతని బాబా అంటారు!"

"తాతని తాత అంటారు. ఇంటిపేరు ఒకటే కాబట్టి చుట్టానివని ఒప్పుకుంటా. ఫోను ఎందుకు కట్ చేశావు?"

"పిల్లలు లేస్తారని!"

"ఆహా. పిల్లలు లేవకూడదు, నోరు విప్పకూడదు. అంతేగా?"

వహీబాకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ముక్కులోంచి వచ్చింది. భయపడాల్సిన చోట నవ్వే ఆడదాన్ని చూసి అధికారికి అనుమానం రెట్టింపయింది. ఫోను తానే తీసుకుని హాజ్‌కి కలిపి, అందరికీ వినబడేలా పెట్టాడు.

"హాజ్ గారూ, సరిహద్దు పోలీసు. రితాజ్, వాయిల్ మీ పిల్లలేనా?"

"నా పిల్లలు కాక ఎవరి పిల్లలు? నా ప్రాణాలు!"

"వాళ్ళనెవరు తీసుకెళ్ళారు?"

"జుబీరే! కాఫీ కూడా పూర్తిగా తాగనివ్వకుండా ఎత్తుకుపోయాడు."

"మీరు ఒప్పుకున్నారా?"

"నన్నెవరు అడుగుతారు నాయనా ఈ రోజుల్లో? మాటవరసకి ఒక్కసారి అన్నాడు. నేను వద్దన్నాను. సరే అని పోయాడు!"

"వద్దన్నా తీసుకుపోయాడా?"

"అదే కదా నా బాధ!"

జుబీర్ ఫోను మీదికి వంగి కేకపెట్టాడు. "బాబా! నేనెవరో చెప్పండి బాబా!"

అధికారి కనుబొమలు పైకి లేచాయి. "ఆయన నీక్కూడా బాబానా? అంటే నువ్వు ఈ పిల్లల అన్నవి!"

వహీబా ఈసారి తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

అవతల హాజ్ చెవికి సగం మాటలే చేరాయి. పోలీసులు, పిల్లలు, జుబీర్. అంతకంటే ఏం కావాలి? "ఎవరూ కదలకండి, నేనొస్తున్నా!" అన్నాడు. ఆ గొంతులో దుఃఖం కంటే హుషారే ఎక్కువగా ఉన్నట్టు జుబీర్‌కి అనిపించింది.

అధికారి మంచివాడే. పిల్లల్ని ఫ్యాను కింద బెంచీ మీద పడుకోబెట్టించి బిస్కెట్లు తెప్పించాడు. రితాజ్ ఆ బెంచీ వద్దని జుబీర్ ఒళ్ళోకెక్కి నిద్రపోయింది. తండ్రి ముందు ఎన్నడూ ఒళ్ళో కూర్చోబెట్టుకోని కూతురు. జుబీర్‌కి కాలు తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు. పథకం మట్టికొట్టుకుపోయింది, సెలవులో ఒక రోజు పోయింది, తాను దొంగనని ఎదురుగా ఒకడు కాపలా కాస్తున్నాడు. ఇంత జరిగినా మనసుకి ఎందుకో హాయిగా ఉంది.

ఎండ వాలుతుండగా గెల్మా టాక్సీ వచ్చి ఆగింది. హాజ్ లఖ్దర్ దిగాడు. తలమీద కొత్త గడ్డి టోపీ. వెనక ముసలావిడ చేతిలో భోజనాల గిన్నె. వాళ్ళిద్దరి వెనకా డ్రైవరు మోసుకొచ్చిన పెద్ద పెట్టె, దాని మీద కొత్త ఈత లాగు తాడుతో కట్టి ఉంది.

"పిట్ట?" అన్నాడు జుబీర్.

"పక్కింటివాళ్ళకి నిన్ననే అప్పజెప్పాను."

"నిన్ననా? మరి పొద్దున కూసిందేమిటి?"

"పొద్దున్నే తెచ్చుకున్నా. నువ్వు అడిగినప్పుడు కాదనడానికి ఏదో ఒక సాకు ఉండాలిగా!" అంటూ హాజ్ జేబులోంచి రెండు పాస్‌పోర్టులు తీసి, వాటి కింద నుంచి కుటుంబ పుస్తకం కూడా తీశాడు. "ఇదుగో, ఇది కూడా మర్చిపోయావు. ఇంకో రెండుసార్లు అడిగి ఉంటే అందరం ఈపాటికి సముద్రంలో ఉండేవాళ్ళం."

జుబీర్ తల దించుకున్నాడు. "రండి బాబా. మీరు రాకపోతే నేనూ వెళ్ళను."

"ఇది మూడోసారి కింద లెక్క," అన్నాడు హాజ్ ఉదారంగా.

అధికారి పుస్తకం చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. మళ్ళీ మీరులోకి ఎక్కి క్షమించమన్నాడు. అయితే బుద్ధిమంతుడు కాబట్టి రితాజ్ ముందు మోకాళ్ళమీద కూర్చుని పాఠం చెప్పాడు. "చూడు తల్లీ, అటువైపు కూడా ఇలాగే అడుగుతారు. అప్పుడు జుబీర్ అనకూడదు. ఇతనే నీ బాబా. మనిషికి బాబా ఒక్కడే ఉంటాడు. గుర్తుంటుందా?"

రితాజ్ తాతవంక చూసింది. హాజ్ గొంతు సవరించుకుని, ఎన్నడూ బయటికి అనని మాట అన్నాడు. "అవునే. వాడే నీ బాబా. ఈ ఒక్క పూటకి."

సరిహద్దుల మధ్య రోడ్డు పొడుగునా వహీబా ఆ పాఠం వల్లె వేయించింది. ముందు సీట్లో టోపీ మొహమ్మీదికి లాక్కుని హాజ్, వెనక సీట్లో వాయిల్‌ని ఒళ్ళో వేసుకుని ముసలావిడ, ఇద్దరూ గుర్రుపెట్టి నిద్రపోయారు.

ట్యునీషియా కిటికీలో ఓ అధికారిణి కారులోకి తొంగిచూసి నవ్వింది. "అమ్మడూ, బండి నడిపే ఈయన ఎవరు?"

"బాబా!" అంది రితాజ్ ఖణీమని. "మా బాబా!"

జుబీర్ చేతులు స్టీరింగు మీదే ఉండిపోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పథకాలన్నీ వేసింది ఈ మాట కోసమేనేమో అనిపించింది.

"మరి పక్కన గుర్రుపెట్టే ఈ పెద్దాయన?"

రితాజ్ బాగా ఆలోచించింది. ఆయన్ని ఇంకో మాటతో పిలవడం ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. బాబా ఒక్కడే ఉంటాడని పోలీసాయన గట్టిగా చెప్పాడు.

"ఈయనెవరో నాకు తెలీదు," అంది.

అధికారిణి నవ్వు ఆపి స్టాంపు కింద పెట్టింది. కారు పక్కకి తీయమంటే, జుబీర్ అంత సంతోషంగా ఎన్నడూ తీయలేదు.